ముందు వచ్చిన చెవులు: నార్వే మహిళల ఫుట్‌బాల్ జట్టు

మహిళల ఫుట్‌బాల్‌లో ప్రపంచ కప్పు, ఒలింపిక్ స్వర్ణం, యూరోపియన్ ఛాంపియన్‌షిప్, ఈ మూడింటినీ గెలిచిన దేశాలు ఇప్పటికి రెండే. ఒకటి జర్మనీ. ఎనిమిది కోట్ల జనాభా, గట్టి లీగు, స్థిరపడిన క్లబ్బులు ఉన్న దేశం కనుక ఆశ్చర్యపోవలసింది లేదు. రెండోది నార్వే. జర్మనీకి లోటుగా ఉన్న ఒలింపిక్ స్వర్ణం 2016లో రియోలో దక్కింది. నార్వే ఆ లెక్కను 2000లోనే పూర్తిచేసింది. అప్పటికి ఆ దేశ జనాభా సుమారు 45 లక్షలు.

ఆ తర్వాత పాతికేళ్లలో ఈ జట్టు ఒక్క పెద్ద కప్పు కూడా ఇంటికి తీసుకురాలేదు. 2022 జులై 11న ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో 0-8తో ఓడింది. పురుషులవి, మహిళలవి కలిపి చూసినా యూరో ప్రధాన టోర్నీలో అంతకుముందు ఏ జట్టూ అంత ఘోరంగా ఓడలేదు.

ముందు వచ్చిన చెవుల కన్నా వెనుక వచ్చిన కొమ్ములు వాడి అన్న సామెతతో ఈ కథను తేల్చేయడం తేలిక. చాలామంది అలాగే తేల్చేస్తారు: చిన్న దేశం ముందుగా మొదలుపెట్టి కొన్నాళ్లు ఏలింది, పెద్ద దేశాలు మేలుకోగానే పక్కకు తప్పుకుంది అని. ఇందులో నిజం ఉంది. కానీ అది సగం నిజమే, మిగతా సగం నార్వే తన చేతులారా చేసుకున్నది.

ముందుగా మొదలుపెట్టడం అంటే ఏమిటో చూడాలి. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 1921లో తన క్లబ్బుల మైదానాల్లో మహిళలు ఆడకుండా నిషేధం పెట్టి, దాన్ని యాభై ఏళ్లు కొనసాగించింది. బ్రెజిల్ 1941లో నిషేధించింది, 1979 దాకా ఎత్తివేయలేదు. పశ్చిమ జర్మనీ సంఘం 1955 నుంచి 1970 వరకు ఇదే పని చేసింది. ఈ పెద్ద దేశాలన్నీ ఆ పోగొట్టుకున్న కాలాన్ని తీరిగ్గా పూడ్చుకుంటున్న రోజుల్లో ఉత్తర యూరప్ దేశాలు పనిలోకి దిగాయి. నార్వే జాతీయ జట్టు తొలి మ్యాచ్ 1978 జులై 7న, ఫిన్లాండ్‌కు చెందిన ఓలాండ్ దీవుల్లోని మారీహామ్‌లో జరిగింది. ప్రత్యర్థి స్వీడన్, ఫలితం 1-2 ఓటమి. అయినా తేదీ ముఖ్యం. పశ్చిమ జర్మనీ మహిళల జట్టు తన మొదటి మ్యాచ్ ఆడింది 1982లో, అమెరికా జట్టు 1985లో. అంటే తర్వాత కాలంలో నార్వేను పదేపదే ఏడిపించిన ఇద్దరు ప్రత్యర్థులూ అప్పటికి పుట్టనే లేదు.

1987లో యూరోపియన్ పోటీల తుది దశకు నార్వే ఆతిథ్యమిచ్చింది. నాలుగే జట్లు. ఓస్లోలోని ఉల్లెవాల్ మైదానంలో జరిగిన ఫైనల్లో, మూడేళ్ల కిందట కప్పు గెలిచిన స్వీడన్‌ను 2-1తో ఓడించింది. రెండు గోల్సూ ట్రూడె స్టెండాల్ కొట్టినవే. మొదటి మ్యాచ్‌లో ఓడించిన పొరుగు దేశం మీద, అదే 2-1 స్కోరుతో, తొమ్మిదేళ్లకు బాకీ తీర్చుకున్నట్టయింది.

అయితే నార్వే ఈ ఆటకు ఇచ్చిన అతి పెద్ద కానుక మైదానంలో ఇచ్చింది కాదు. 1986లో మెక్సికో సిటీలో ఫిఫా మహాసభ జరిగింది. అక్కడ నార్వే ప్రతినిధి ఎల్లెన్ విల్లె లేచి, మహిళలకు ప్రపంచ కప్పు ఎందుకు లేదని, ఒలింపిక్స్‌లో చోటు ఎందుకు లేదని అడిగారు. ఫిఫా మహాసభలో ఒక మహిళ మాట్లాడటం అదే మొదటిసారి. గది నిండా మగవారే. అధ్యక్షుడు జొవావ్ హావెలాంజ్ కాదనలేదు. ఫలితంగా 1988లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో 12 జట్లతో ఒక ప్రయోగాత్మక టోర్నీ పెట్టారు. దాన్ని కూడా నార్వేనే గెలిచింది. ఫైనల్లో మళ్లీ స్వీడనే, లిండా మెడాలెన్ ఏకైక గోల్‌తో 1-0. ఆ ప్రయోగం నెగ్గింది కనుకే 1991లో తొలి అధికారిక ప్రపంచ కప్పు వచ్చింది. ఆడవాళ్లు 90 నిమిషాలు ఆడగలరన్న నమ్మకం మాత్రం ఫిఫాకు ఇంకా కుదరలేదు. మ్యాచ్‌ను 80 నిమిషాలకు కుదించి పెట్టింది.

ఆ 1991 టోర్నీలో నార్వే తొలి మ్యాచ్‌లోనే ఆతిథ్య చైనా చేతిలో 0-4తో చిత్తయింది. అక్కడి నుంచి లేచి న్యూజీలాండ్, డెన్మార్క్, ఇటలీలను దాటి, సెమీఫైనల్లో స్వీడన్‌ను 4-1తో ఓడించి, గ్వాంగ్‌జౌ ఫైనల్లో అమెరికా ఎదుట నిలిచింది. మెడాలెన్ గోల్‌తో స్కోరు 1-1 అయింది. 78వ నిమిషంలో మిషెల్ ఏకర్స్ తన రెండో గోల్ కొట్టింది. 80 నిమిషాల మ్యాచ్‌లో 78వ నిమిషం! మిగిలిన రెండు నిమిషాల్లో చేయగలిగింది ఏమీ లేకపోయింది.

ఈ ఓటమి నుంచే నార్వే ఉత్తమ దశ మొదలైంది. కోచ్ ఎవెన్ పెల్లెరూడ్ జట్టు ఆటతీరు చూడటానికి అందమైనది కాదు. వెనక ప్రాంతాలను పంచుకుని కాపలా కాసే డిఫెన్సు, బంతి చిక్కగానే ముందుకు పొడవాటి పాసు, దాన్ని గాలిలో అందుకునే ఎత్తైన ఫార్వర్డులు, చుట్టూ పడిపోయిన బంతి కోసం ఒక్కసారిగా దూకే మిడ్‌ఫీల్డర్లు. చిన్న చిన్న పాసులతో ఆడేవారికి ఇది మోటుగా తోచింది. కానీ ఈ మోటుతనం వెనక లెక్క ఉంది. తక్కువ మందిలోంచి జట్టును ఎంచుకోవలసిన దేశం, పదకొండు మందికీ ఒకే పాఠాన్ని కంఠతా వచ్చేదాకా నేర్పింది. బంతితో మెరుపులు చూపే ఆటగత్తె కూడా లేకపోలేదు. మధ్యలో హెగె రీసె ఉంది. పొడవాటి పాసును ఎక్కడ వేయాలో ఆమెకు తెలిసినంతగా ఆ కాలంలో మరొకరికి తెలియదంటే అతిశయోక్తి కాదు.

1993లో ఇటలీని దాని సొంతగడ్డ చెసేనాలో 1-0తో ఓడించి రెండోసారి యూరోపియన్ కప్పు గెలిచారు. రెండేళ్లకు స్వీడన్‌లో ప్రపంచ కప్పు. ఆ టోర్నీ అంకెలు ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తాయి. నైజీరియాపై 8-0, ఇంగ్లండ్‌పై 2-0, కెనడాపై 7-0. క్వార్టర్ ఫైనల్లో డెన్మార్క్‌పై 3-1. ఆరు మ్యాచ్‌లలో 23 గోల్స్ కొట్టి, ఒక్కటంటే ఒక్కటి ఇచ్చారు. ఆన్ క్రిస్టిన్ ఆరొనెస్ 6 గోల్స్‌తో టోర్నీలో అందరికన్నా ముందు నిలిచింది. ఉత్తమ క్రీడాకారిణి బహుమతి రీసెకు దక్కింది.

సెమీఫైనల్ అమెరికాతో. పదో నిమిషంలో కార్నర్ నుంచి ఆరొనెస్ తలతో కొట్టిన గోల్ ఒక్కటే తేడా. రెండో అర్ధభాగంలో కెప్టెన్ హైడి స్టోరె రెండో పసుపు కార్డుతో బయటికి వెళ్లవలసి వచ్చినా, పది మందితోనే ఆ ఆధిక్యాన్ని కాపాడుకున్నారు. ఆట ముగిశాక నార్వే అమ్మాయిలు ఒకరి వెనక ఒకరు మోకాళ్ల మీద వంగి, ముందున్నవారి చీలమండలు పట్టుకుని, రైలు పెట్టెల్లా మైదానం మీద పాకారు. ఓడినవారు అది చూస్తూ నిలబడ్డారు. అమెరికన్లు ఆ దృశ్యాన్ని ఏళ్ల తరబడి మరచిపోలేదు. మరుసటి ఏడాది అట్లాంటా ఒలింపిక్స్ సెమీఫైనల్లో అదనపు సమయంలో షానన్ మెక్‌మిలన్ గోల్‌తో కసి తీర్చుకున్నారు. నార్వే కాంస్యంతో సరిపెట్టుకుంది.

1995 జూన్ 18న స్టాక్‌హోమ్ శివారు సోల్నాలోని రోసుందా మైదానంలో ఫైనల్. జర్మనీపై రీసె ఒకటి, మూడు నిమిషాల తేడాతో మరియానె పెట్టెర్సెన్ ఇంకొకటి. అంతా మొదటి అర్ధభాగంలోనే అయిపోయింది. 2-0.

1999లో మళ్లీ సెమీస్ దాకా వెళ్లి చైనా చేతిలో 0-5తో దెబ్బ తిన్నారు. అప్పటికే ఈ తరం పని అయిపోయిందనిపించింది. అందుకే సిడ్నీ ఒలింపిక్స్ ఫలితం మరీ విలువైనది. గ్రూపులో అమెరికా 2-0తో నార్వేను ఓడించింది. సెప్టెంబరు 28న ఫైనల్లో అదే అమెరికా ఐదో నిమిషంలోనే గోల్ కొట్టింది. అర్ధభాగం ముగిసే ముందు గ్రో ఎస్పెసెత్ సమం చేసింది. 78వ నిమిషంలో రాగ్న్‌హిల్డ్ గుల్‌బ్రాండ్‌సెన్ ఆధిక్యం తెచ్చింది. ఇంజురీ టైమ్‌లో, స్వర్ణం చేతికి అందినట్టే అనుకున్నాక, టిఫెనీ మిల్‌బ్రెట్ తలతో కొట్టి 2-2 చేసింది. ఆ రోజుల్లో గోల్డెన్ గోల్ నియమం ఉండేది, అదనపు సమయంలో ముందు ఎవరు కొడితే వారిదే మ్యాచ్. 102వ నిమిషంలో బదులుగా దిగిన డాగ్ని మెల్‌గ్రెన్ బంతిని అదుపు చేసుకుని నెట్‌లోకి పంపింది. అంతకుముందు బంతి ఆమె చేతికి తగిలిందని అమెరికన్ల ఫిర్యాదు. రిఫరీ ఒప్పుకోలేదు. ఈనాడైతే వీడియో సమీక్షకు వెళ్లేది, ఏమి తేలేదో చెప్పలేం. మహిళల ఒలింపిక్ ఫైనల్లో అమెరికా ఓడినది ఇప్పటికీ ఆ ఒక్కసారే.

తర్వాత కాలాన్ని పతనం అని ఒక్క మాటలో అనడం సరికాదు. కొండ మీది నుంచి పడిపోలేదు, మెట్టు మెట్టుగా దిగింది. 2005లో యూరో ఫైనల్ ఆడింది, జర్మనీ చేతిలో 1-3. 2007 ప్రపంచ కప్పులో నాలుగో స్థానం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అమెరికాను తొలి నాలుగు నిమిషాల్లోనే రెండు గోల్స్‌తో దెబ్బతీసి 2-0తో గెలిచింది, ఆ తర్వాత జపాన్‌కు 1-5తో తలవంచింది. అదే ఈ జట్టు ఆడిన చివరి ఒలింపిక్స్. 2012 నుంచి 2024 వరకు నాలుగు ఒలింపిక్స్‌కు అర్హతే దక్కలేదు.

2013 యూరో ఈ మెట్లలో చివరి ఎత్తైన మెట్టు. పెల్లెరూడ్ కోచ్‌గా తిరిగి వచ్చాడు. ఫైనల్ అదే సోల్నాలో, రోసుందాకు బదులుగా కట్టిన ఫ్రెండ్స్ ఎరీనాలో. ప్రత్యర్థి మళ్లీ జర్మనీ. గ్రూపు దశలో నార్వే వారిని 1-0తో ఓడించింది కూడా. ఫైనల్లో నార్వేకు రెండు పెనాల్టీలు దొరికాయి. మొదటిది ట్రీనె రోనింగ్, రెండోది సోల్వైగ్ గుల్‌బ్రాండ్‌సెన్ కొట్టారు. గోల్‌కీపర్ నాదినె ఆంగెరెర్ రెండింటినీ ఆపేసింది. ఆ రెండింటి మధ్య అన్యా మిట్టాగ్ కొట్టిన ఒకే గోల్‌తో జర్మనీ గెలిచింది. నార్వే ఓడిన యూరో ఫైనల్స్ నాలుగు: 1989, 1991, 2005, 2013. నాలుగింటిలోనూ ఓడించింది జర్మన్లే.

ఆ ఫైనల్లో నార్వే తరఫున 18 ఏళ్ల అమ్మాయిలు ఇద్దరు ఆడారు. ఒకరు కారొలీన్ గ్రాహమ్ హాన్సెన్, మరొకరు అదా హెగెర్‌బెర్గ్. ఇద్దరూ ప్రపంచ కప్పు గెలిచిన 1995లోనే పుట్టినవారు. ఒక తరం పోతే ఇంతకన్నా మెరుగైన తరం వస్తోందని ఎవరైనా అనుకునేవారు. విడివిడిగా చూస్తే అది నిజమే అయింది. హెగెర్‌బెర్గ్ ఫ్రాన్స్‌లోని లియోన్‌కు వెళ్లి యూరప్ క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ చరిత్రలో అత్యధిక గోల్స్ రికార్డు సొంతం చేసుకుంది. 2018లో మహిళలకు తొలిసారి ఇచ్చిన, ఏడాదిలో అత్యుత్తమ క్రీడాకారిణికి దక్కే బాలన్ డి’ఓర్ ఆమెకే దక్కింది. ఆ వేదిక మీద వ్యాఖ్యాత ఆమెను నడుము ఊపే నాట్యం చేస్తావా అని అడగడం, ఆమె ‘లేదు’ అని ఒక్క మాటతో తిప్పికొట్టడం ప్రపంచమంతా చూసింది. గ్రాహమ్ హాన్సెన్ జర్మనీలోని వోల్ఫ్స్‌బుర్గ్‌లో ఆడి బార్సిలోనాకు చేరింది, 2024 బాలన్ డి’ఓర్‌లో రెండో స్థానంలో నిలిచింది. 1995 జట్టులో ఇంతటి పేరున్న ఇద్దరు ఫార్వర్డులు లేరు.

మరి జట్టు ఎందుకు గెలవలేదు? ఇక్కడే సామెత సరిపోకుండా పోతుంది. లియోన్, బార్సిలోనా, లండన్ క్లబ్బులు డబ్బు పెట్టడం మొదలయ్యాక నార్వే సొంత లీగు వెనకబడిన మాట నిజం. ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగు 2018లో పూర్తికాల వృత్తి ఆటగాళ్ల లీగుగా మారింది. నార్వే లీగులో మాత్రం చాలామంది చదువో ఉద్యోగమో చేసుకుంటూ ఆడేవారు. కానీ పొరుగున స్వీడన్ ఉంది. అదీ ముందు వచ్చిన చెవే. జనాభా కోటి, దాని లీగు నుంచి కూడా మంచి ఆటగత్తెలు ఇంగ్లండ్, స్పెయిన్‌లకు వెళ్లిపోయారు. అయినా 2016లోనూ టోక్యోలోనూ ఒలింపిక్ రజతం గెలిచింది. 2011, 2019, 2023 ప్రపంచ కప్పుల్లో కాంస్యాలు తెచ్చుకుంది. 1984 తర్వాత స్వీడన్ కూడా కప్పు గెలవలేదన్నది నిజమే. కానీ గెలవకపోవడం వేరు, పోటీలోనే లేకపోవడం వేరు. డబ్బు, జనాభా అన్న లెక్క ఇంగ్లండ్, స్పెయిన్ ఎందుకు పైకి వచ్చాయో చెబుతుంది, బ్రైటన్‌లో ఎనిమిది గోల్స్ ఎందుకు పడ్డాయో చెప్పదు.

2017 యూరోలో నార్వే మూడు గ్రూపు మ్యాచ్‌లూ ఓడింది. నెదర్లాండ్స్, బెల్జియం, డెన్మార్క్‌ల మీద ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయింది. టోర్నీ ముగిసిన కొన్ని వారాలకే హెగెర్‌బెర్గ్ జాతీయ జట్టుకు ఆడనని చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో నార్వే సంఘం పురుషుల, మహిళల జట్లకు సమాన చెల్లింపుల ఒప్పందం ప్రకటించింది. మహిళల వాటా 31 లక్షల క్రోనర్ల నుంచి 60 లక్షలకు పెరిగింది. అందులో 5.5 లక్షల క్రోనర్లు పురుషుల జట్టు తన వాణిజ్య ఆదాయంలోంచి వదులుకున్నది. ప్రపంచమంతా మెచ్చుకుంది, మెచ్చుకోదగినదే. కానీ బయటి పత్రికలు చాలావరకు ఈ రెండు సంగతులను కలిపేసి, హెగెర్‌బెర్గ్ జీతం కోసం పోరాడిందన్నట్టు రాశాయి. ఆమె ఫిర్యాదు అది కాదు. సన్నాహాలు, సంఘం వైఖరి, అమ్మాయిల ఆటను ఎంత గట్టిగా పట్టించుకుంటున్నారన్నది ఆమె ప్రశ్న. క్లబ్బులో ప్రతి రోజూ అత్యున్నత స్థాయిలో సాధన చేసే మనిషికి, జాతీయ శిబిరం ఒక మెట్టు కిందికి దిగినట్టు కనిపించింది. చెక్కు మీద అంకె మార్చినంత సులువుగా ఈ తేడా పోదు.

ఆమె లేకుండానే 2019 ప్రపంచ కప్పులో నార్వే క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లింది, అక్కడ ఇంగ్లండ్ 3-0తో ఓడించింది. ఐదేళ్ల విరామం తర్వాత, 2022 వసంతంలో ఆమె తిరిగి వచ్చి కొసోవోపై హ్యాట్రిక్ కొట్టింది. ఇద్దరు గొప్ప ఫార్వర్డులు మళ్లీ ఒకే జట్టులో చేరారు. మూడు నెలలు తిరిగాయో లేదో బ్రైటన్. అర్ధభాగానికే 0-6. ముందు వరుస ఎంత గొప్పదైనా బంతి వారిదాకా వస్తేనే కదా. 1990ల జట్టు ఎక్కడ బలంగా ఉండేదో, అంటే వెనక వరుసలో, గాలిలో, ఒకరి ఖాళీని మరొకరు నింపే అలవాటులో, సరిగ్గా అక్కడే ఈ జట్టు విరిగింది. తర్వాతి మ్యాచ్‌లో ఆస్ట్రియా చేతిలోనూ ఓడి ఇంటిదారి పట్టింది. కోచ్ మార్టిన్ షోగ్రెన్ వైదొలిగాడు.

సంఘం పాత కీర్తిని పిలిచింది. క్రీడాకారిణిగా మూడు కిరీటాలూ గెలిచిన, 188 మ్యాచ్‌లు ఆడిన హెగె రీసెను కోచ్‌గా పెట్టింది. 2023 ప్రపంచ కప్పు తొలి మ్యాచ్‌లోనే ఆక్లాండ్‌లో న్యూజీలాండ్ 1-0తో గెలిచింది. ప్రపంచ కప్పుల్లో న్యూజీలాండ్‌కు అదే మొట్టమొదటి విజయం. తర్వాత స్విట్జర్లాండ్‌తో మ్యాచ్‌కు గ్రాహమ్ హాన్సెన్‌ను బెంచీ మీద కూర్చోబెట్టారు. జాతీయ గీతం అయ్యాక, ఆట మొదలుకాబోయే క్షణంలో హెగెర్‌బెర్గ్ గజ్జల దగ్గర ఇబ్బందితో మైదానం వదిలి లోపలికి నడిచింది. 0-0. బెంచీ మీద పెట్టడంపై గ్రాహమ్ హాన్సెన్ బహిరంగంగానే అసంతృప్తి చెప్పి, తర్వాత క్షమాపణ కోరింది. ఫిలిప్పీన్స్‌పై 6-0 గెలుపుతో గట్టెక్కినా, జపాన్ 3-1తో ఇంటికి పంపింది. గొప్ప ఆటగత్తె గొప్ప కోచ్ కావాలని నియమం లేదు. కానీ ఆ నియామకంలో 1995 మీది మమకారం పాలు ఎక్కువగా ఉందన్న అనుమానం రాక మానదు.

ఈలోగా మైదానం బయట మాత్రం నార్వే తన పాత అలవాటు వదల్లేదు. 2022 మార్చిలో జాతీయ జట్టు మాజీ క్రీడాకారిణి లిసె క్లావెనెస్ నార్వే సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలైంది. అదే నెల దోహాలో జరిగిన ఫిఫా మహాసభలో, ఖతార్‌లో వలస కార్మికుల హక్కుల గురించి వేదిక మీదే నిలదీసింది. మెక్సికో సిటీలో విల్లె మాట్లాడి అప్పటికి 36 ఏళ్లు. ఈసారి గదిలోని వారికి అది అంతగా రుచించలేదు.

2024 జనవరిలో వేల్స్ జట్టును నడిపిన ఇంగ్లిష్ కోచ్ జెమ్మా గ్రెయింజర్ వచ్చింది. నార్వే ప్లే-ఆఫ్ దారిలో 2025 యూరోకు చేరి, స్విట్జర్లాండ్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్‌లపై మూడు గ్రూపు మ్యాచ్‌లూ గెలిచింది. టూన్‌లో ఐస్‌లాండ్‌తో 4-3 మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టిన సిగ్నె గౌప్‌సెట్‌కు 20 ఏళ్లు. మెల్‌గ్రెన్ సిడ్నీలో బంతిని నెట్‌లోకి పంపినప్పుడు ఆమె ఇంకా పుట్టలేదు. జెనీవాలో ఇటలీతో క్వార్టర్ ఫైనల్. హెగెర్‌బెర్గ్ పెనాల్టీని బయటికి కొట్టి, కొద్ది నిమిషాలకే గోల్ చేసి 1-1 చేసింది. 90వ నిమిషంలో సోఫియా కంతోరె పక్కనుంచి ఎత్తి వేసిన బంతిని క్రిస్టియానా గిరెల్లి తలతో గోల్‌లోకి పంపింది. పక్కనుంచి ఎత్తైన బంతి, గోల్ ముందు ఒక తల: ముప్ఫై ఏళ్ల కిందట నార్వే అందరినీ ఓడించింది సరిగ్గా ఇలాంటి గోల్స్‌తోనే.